పొయ్యినోటి వరుస

డాక్టరమ్మ సుమిత్ర ఏ జాడీనైనా ముందు బోర్లించి అడుగు చూస్తుంది. బొమ్మ ఎలా కుదిరింది, పూత ఎలా పట్టింది అన్నవన్నీ ఆ తర్వాత. అడుగున ఎవరి గుర్తు ఉందో తేలితే గాని ఆమె మనసు కుదుటపడదు. ఆమె ఇంట్లో రెండు అద్దాల బీరువాల నిండా బొమ్మల జాడీలే ఉన్నాయనీ, వాటిలో ఒక్కదానిలోనూ ఇంతవరకు పచ్చడి పెట్టిన పాపాన పోలేదనీ ఆమె టాంగావాడు నలుగురికీ చెప్పి నవ్వేవాడు.

యుద్ధం మొదలైన రెండో ఏడు, ఒక సోమవారం పొద్దున ఆమె అమీర్‌పేట దాటి, పంజాగుట్టలో రాళ్ళ మధ్య ఉన్న జ్ఞానరాజు కార్ఖానాకు వచ్చింది. కార్ఖానా అని పేరే గాని అక్కడ ఉన్నవి రెండు రేకుల కొట్టాలు, ఒక కుమ్మరి సారె, మట్టి తొక్కే గుంట, వెనకాల కుండలు కాల్చడానికి ఇటుకలతో కట్టిన ఆవం. జ్ఞానరాజు మిషన్ బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి మానుకున్న మనిషి. మద్రాసులో తెల్లపూత పని నేర్చుకుని వచ్చి, ఇక్కడి మట్టితో జాడీలూ పూలకూజాలూ చేయించి, వాటి మీద సీమ నుంచి వచ్చే నీలం రంగుతో బొమ్మలు వేయించి, సికింద్రాబాద్ బంగళాలకు అమ్ముతున్నాడు. సారె తిప్పేదీ ఆవం కాల్చేదీ ఓదెలు. బొమ్మలు వేసేది ఓదెలు భార్య వజ్రమ్మ.

డాక్టరమ్మ వచ్చేసరికి వజ్రమ్మ కొట్టం గుమ్మంలో వెలుతురుకు కూర్చుని ఒక జాడీ మీద నెమలిని వేస్తోంది. పచ్చిపూత మీద బొమ్మ వేయడం కాగితం మీద వేసినట్టు కాదు. కుంచె ఆనించడమే ఆలస్యం, పూత రంగును పీల్చేస్తుంది. గీత వంకరపోతే దిద్దుకునే వీలు లేదు, పూత మొత్తం కడిగేసి మళ్ళీ ముంచుకోవాల్సిందే. పైగా ఆ రంగు అప్పుడు నీలంగా ఉండదు. బురదలాగ నల్లగా ఉంటుంది. కాలి బయటపడ్డాకే నీలం. నల్లగా చూస్తూ నీలంగా తలచుకోవాలి. వజ్రమ్మ ఉడుత వెంట్రుకల కుంచెను రెండు వేళ్ళ మధ్య పట్టి, నెమలి మెడ దగ్గర మొదలుపెట్టి తోక చివరిదాకా ఒక్క ఊపులో దించింది. తర్వాత జాడీని బోర్లించి అడుగున రెండు గుర్తులు వేసింది. ఒకటి మడిచిన మోకాలులా ఉంటుంది. ఇంకోటి రెండు కొమ్మలు విరిగి ఒకవైపు వాలిన కట్టెలా ఉంటుంది. జ్ఞానరాజు మొదట్లో పలక మీద రాసి చూపించి, ఇది కార్ఖానా గుర్తు అన్నాడు. అప్పటినుంచి వేస్తూనే ఉంది.

డాక్టరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటి మాస్టారూ, ఈవిడ వేస్తోందేంటి? లీలాకుమారి ఎక్కడ?"

లీలాకుమారి జ్ఞానరాజు కూతురు. పంతొమ్మిదేళ్ళది, సికింద్రాబాద్‌లో చదువుకుంది. లోపల కుర్చీలో కూర్చుని ఏదో కుట్టుకుంటున్నదల్లా తలెత్తింది.

"ఈవిడ రంగు నింపుతుందండీ," అన్నాడు జ్ఞానరాజు. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడంటే వజ్రమ్మకు ముందు అది తన గురించేనని తోచలేదు. "గీత అంతా మా అమ్మాయిదే. అడుగున చూశారుగా, ఎల్, కె. లీలాకుమారి."

వజ్రమ్మ చేతిలో కుంచె అలాగే ఉండిపోయింది.

"సారూ," అంది, "గీ రెండు గుర్తులు చిన్నమ్మ పేరా?"

ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది.

"గవి నేనే ఏస్తనమ్మా. నెమలి సుత నేనే ఏసిన. గిప్పుడు మీ కండ్ల ముంగటనే ఏస్తి గద."

జ్ఞానరాజు నవ్వాడు. కోపం తెచ్చుకోవడం అతనికి చేతకాదు. ఎదుటివాడిని చిన్నపిల్లను చేసి నవ్వడం వచ్చు. "పాపం, రోజూ నింపీ నింపీ అంతా తనదే అనుకుంటోంది. మా లీలమ్మ ఒక బొమ్మ వేసి చూపిస్తే దాన్ని చూసి వేస్తుందండీ."

డాక్టరమ్మ చెడ్డ మనిషి కాదు. అన్యాయం అంటే ఆమెకు నిజంగానే గిట్టదు. అందుకే వెంటనే తీర్పు చెప్పకుండా, రోగం ఏదో తేలేదాకా మందివ్వని తన అలవాటు ప్రకారం పరీక్ష పెట్టింది. రాబోయే నుమాయిష్ ప్రదర్శనలో ఆడవాళ్ళ పనితనం చూపించే గదిని ఆమెకు అప్పగించారు. అందులో పన్నెండు జాడీలు పెట్టాలి. ప్రతి జాడీ పక్కనా వేసినావిడ పేరు, ఫోటో.

"నేను తప్పు పేరు పెట్టి అక్కడ నిలబడలేను మాస్టారూ. బుధవారం వస్తాను. ఇద్దరూ నా ఎదురుగా చెరొక నెమలి వేయండి. కాలి వచ్చాక చూద్దాం. ఎవరి చెయ్యి అయితే వాళ్ళ పేరు."

ఆమె వెళ్ళిపోయింది. జ్ఞానరాజు వజ్రమ్మను ఒక్క మాట కూడా అనలేదు. లీలాకుమారి మాత్రం గుమ్మం దాకా వచ్చి, ఏదో చెప్పబోయి, తండ్రి దగ్గడంతో లోపలికి వెళ్ళింది.

సాయంత్రం గుడిసెలో ఓదెలు అంబలి తాగుతుంటే వజ్రమ్మ అతని ముందు చేరింది. ఆ గుడిసె ఆవం వెనకాల, జ్ఞానరాజు జాగాలోనే ఉంది.

"ఏమయ్యా, నా పేరు రాస్తే ఎట్లుంటది? పొడుగుంటదా, పొట్టిగుంటదా?"

"పేరు వండుకొని తింటవానే?"

"తినను. చూసుకుంట. గీ ఆరేండ్ల సంది గామె పేరు నా చేతులతోటి నేనే రాసుకుంట వచ్చిన. నాకంటె పిచ్చిది ఉంటదా చెప్పు?"

ఇంతకాలం ఆమెకు పేరు కావాలని తోచనే లేదు. తోచనంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు తోచింది కాబట్టి కాలు ఒకచోట నిలవడం లేదు, నవ్వు ఆగడం లేదు.

ఓదెలు ముంత కింద పెట్టాడు. "మట్టి తెచ్చుడు నాది. కుండ చేసుడు నాది. రాత్రి పగలు మంటల కూసొని కాల్చుడు నాది. నడుమ నువ్వు నాలుగు గీతలు గీసినవ్. నీ పేరు రాస్తే మల్ల నా పేరు యాడ రాస్తరు?"

"నీది సుత రాయమంట తియ్," అంది వజ్రమ్మ, నవ్వుతూనే. "డాక్టరమ్మకు చెప్త. నీదే మీద రాయమంట."

అతను నవ్వలేదు. చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళాడు.

బుధవారం డాక్టరమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండు జాడీలు ఒక్క మట్టివే, ఒక్క పూతలో ముంచినవే. ఆమె తన జడపిన్ను తీసి ఒకదాని అడుగున ఒక గీత, రెండోదాని అడుగున రెండు గీతలు లోతుగా గీరింది. మార్చడానికి వీల్లేకుండా. ఒక గీతది లీలాకుమారికి, రెండు గీతలది వజ్రమ్మకు.

లీలాకుమారి ఎన్నో బొమ్మలు కాగితం మీద చక్కగా వేయగల పిల్ల. కాని పూత మీద కుంచె ఆనగానే రంగు మాయమైపోతుంటే బెదిరింది. చిన్నచిన్న ముక్కలుగా గీసి అతికించుకుంటూ పోయింది. నెమలి కాళ్ళ దగ్గర మరీ తడబడింది. పక్కన వజ్రమ్మ తన పని అయిపోయినా లేవకుండా, "కుంచె నిండ రంగు తీస్కో బిడ్డా, ఎండితే పూత కుంచెను పట్టుకుంటది," అని మెల్లగా చెప్పింది. పోటీ అన్న సంగతి ఆ క్షణంలో మరిచిపోయింది. లీలాకుమారి చెవులు ఎర్రబడ్డాయి.

డాక్టరమ్మ రెండింటినీ మార్చి మార్చి చూసింది. ఆమె కంటికి రెండూ బురద చారలే.

"కాలితే గాని తేలదన్న మాట. సరే. ఇదిగో వజ్రమ్మా, ఆవంలో నీ జాడీ నువ్వే దగ్గరుండి పెట్టుకో. రేపు మాట రాకూడదు."

వజ్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మకు ఎంత చదువున్నా ఇంత చిన్న సంగతి తెలియకపోవడం ఆమెకు వింతగా ఉంది.

"ఆవం పేర్చేకాడికి ఆడోళ్ళం పోమమ్మా. మా కులంల సారె ముట్టం, ఆవం ముట్టం. ఆ పొద్దు మా నీడ సుత పడొద్దు."

"మరి ఎవరు పెడతారు?"

"ఇంకెవరు పెడతరు? మా ఆయననే పెడతడు. మీరేం ఫికర్ చెయ్యకున్రి."

లీలాకుమారి కుంచె కడుగుతున్నదల్లా ఆగింది. "వజ్రమ్మా, ఒక్కసారి నువ్వు కూడా పోయి చూడరాదూ," అంది. వజ్రమ్మ ఆమె తల నిమిరినంత పని చేసింది. పోటీలో ఓడబోతూ కూడా తనకోసం చెబుతోంది, ఎంత మంచి పిల్ల అనుకుంది.

గురువారం తెల్లవారే ఓదెలు స్నానం చేసి, ఆవం ముందు కొబ్బరికాయ కొట్టాడు. బొమ్మలు వేసిన ప్రతి జాడీనీ ఒక మట్టితొట్టిలో కూర్చోబెట్టి, పైన మూత పెట్టి, నడిమి వరుసల్లో పేరుస్తారు. మంట తగలకుండా, బూడిద పడకుండా. కట్టెలు వేసే పొయ్యినోటికి ఎదురుగా ఉన్న వరుసలో ఉత్త పెంకులు, పగిలినా బాధ లేని తొట్లు పెడతారు. అక్కడ మంట నేరుగా నాలుక చాపుతుంది. పూతా బొమ్మా ఏదీ నిలవదు. ఇది కుమ్మరి ఇంట్లో పాకే పిల్లకు కూడా తెలుసు.

నీడ పడకూడదని వజ్రమ్మ గంప నెత్తిన పెట్టుకుని అమీర్‌పేట బజారుకు బయలుదేరింది. మలుపు దగ్గర వెనక్కి చూస్తే, తుమ్మమొద్దుల కుప్ప పక్కన జ్ఞానరాజు ఓదెలుతో మాట్లాడుతున్నాడు. మాట్లాడుతూ ఓదెలు భుజం మీద చెయ్యి వేశాడు. ఎన్నడూ మట్టిబట్టలకు తగలకుండా పంచె ఎత్తిపట్టి నడిచే మనిషి చెయ్యి వేయడం చూసి, కట్టెలు పొదుపుగా కాల్చమని బతిమాలుతున్నాడు గావచ్చనుకుని ఆమె నవ్వుకుంది. బజారులో ఆ రోజు తనకోసం నాలుగు నల్లపూసలు కొనుక్కుంది. ఫోటో తీస్తారు గదా.

శనివారం సాయంత్రం ఆవం తెరిచారు. తెరిచేటప్పుడు కూడా ఆడవాళ్ళు దూరంగానే ఉండాలి కాబట్టి ఓదెలే జాడీలను గడ్డి పరిచిన గంపలో పెట్టి కొట్టంలోకి తెచ్చాడు. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. వజ్రమ్మ కొత్త పూసలు సర్దుకుంది.

ఒక గీత ఉన్న జాడీ ముందు బయటికి వచ్చింది. తెల్లపూత అద్దంలా మెరుస్తోంది. నీలం చక్కగా పండింది. నెమలి మాత్రం కట్టెతో చెక్కినట్టు బిగుసుకుని ఉంది. అయినా నెమలే.

రెండు గీతలది ఓదెలు బయటికి తీస్తూ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. దాన్ని చూసి డాక్టరమ్మ "అయ్యో" అంది. ఒక పక్కంతా పూత ఉడికి పొక్కులు లేచింది. నీలం కారిపోయి నెమలి మెడ కాళ్ళలోకి దిగిపోయింది. తోక ఉండాల్సిన చోట మురికి చారలు ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది?"

వజ్రమ్మ జాడీని చేతుల్లోకి తీసుకుంది. ముందు తన బొమ్మ కోసం వెతికింది. దొరకలేదు. తర్వాత మెల్లగా తిప్పి చూసింది. భుజం మీద గరుకుగా ఏదో తగిలింది. గోరుతో గీకింది. బూడిద, పూతలోకి కరిగి అతుక్కున్న తుమ్మకట్టె బూడిద. మూత పెట్టిన తొట్టిలో బూడిద ఎలా పడుతుంది? పొక్కులు ఒక్క పక్కనే ఉన్నాయి, రెండో పక్క పూత పచ్చిగానే ఉండిపోయింది. కాలిన కుండను చూసి అది ఆవంలో ఎక్కడ కూర్చుందో చెప్పడం ఆమెకు, మాట విని మనిషిది ఏ ఊరో చెప్పినంత సులువు. పొయ్యినోటి వరుస. ఎడమ పక్క. తొట్టి లేకుండా.

ఆవం పేర్చినవాడు ఒక్కడే.

ఆమె ఓదెలు వైపు చూసింది. అతను గంపలోని గడ్డిని చదును చేస్తున్నాడు. చదునుగా ఉన్నదాన్నే మళ్ళీ మళ్ళీ చదును చేస్తున్నాడు.

"చెప్పమ్మా," అంది డాక్టరమ్మ. "ఆవంలో ఏదైనా తేడా జరిగిందా? ఎవరైనా ఏమైనా చేశారా? భయపడకు, చెప్పు. నేనున్నాను."

ఆ నేనున్నాను అన్న మాట నిజమే. చెబితే డాక్టరమ్మ ఊరుకోదు. ఓదెలును నలుగురిలో నిలబెట్టి అడుగుతుంది. వజ్రమ్మకు గొంతులో మాట సిద్ధంగానే ఉంది. నా మొగడే నా జాడీని మంటల పెట్టిండు. అంతే, ఆరేడు మాటలు. వాటిని బయటికి తేవడానికి ఆమె నోరు తెరిచింది కూడా. సిగ్గు ముంచుకొచ్చింది. చేసినవాడికి రాని సిగ్గు ఆమెకు వచ్చింది.

"ఎవ్వరేం చెయ్యలేదమ్మా," అంది. "నాకు రాదు. గా బొమ్మలన్నీ చిన్నమ్మయే."

లీలాకుమారి చప్పున తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

డాక్టరమ్మ నిట్టూర్చింది. ఆమె ముఖంలో కోపం లేదు, జాలి ఉంది. వజ్రమ్మకు అదే భరించడం కష్టమైంది. "ఒకరి పనిని మనది అనుకోకూడదమ్మా. లేమిలో అలా అనిపిస్తుంది, నాకు తెలుసు. పోనీలే, ఒప్పుకున్నావు. మాస్టారూ, నామీద దయుంచి ఈవిడను పనిలోంచి తీసేయకండి. క్షమించండి."

"ఎంతమాటండీ," అన్నాడు జ్ఞానరాజు. "క్షమించడానికి మనమెవరం?"

డాక్టరమ్మ లీలాకుమారి జాడీని ఎత్తి చూసింది. "కొంచెం బిగుసుకుంది. నేను ఎదురుగా కూర్చుంటే బెదిరి ఉంటావు," అని తనే సర్దిచెప్పుకుంది. ఇంట్లో బీరువాల్లో ఈ కార్ఖానా జాడీలే పదహారున్నాయి, ఒక్కసారి పక్కన పెట్టి చూస్తే చాలు. కాని ఎప్పుడూ అడుగు చూసే మనిషికి పైన ఉన్నది అంతగా ఆనదు. పన్నెండు జాడీలు పదిహేను రోజుల్లో కావాలని చెప్పి, ఫోటో తీసేవాడిని పంపుతానని లీలాకుమారికి చెప్పి టాంగా ఎక్కింది.

గుడిసెలో వజ్రమ్మ పూసలు తీసి గూట్లో పెట్టింది. ఓదెలు గడప మీదే కూర్చున్నాడు.

"తొట్టి సుత పెట్టలేదు గదయ్యా," అంది. "గంత చేస్తివి, జర మూతన్న పెట్టకపోతివి. సగం బొమ్మన్న మిగులుతుండె."

"గుడిసె సారు జాగల ఉన్నది. ఎల్లగొడ్తనన్నడు."

"గందుకేనా?"

ఈసారి అతని గొంతులో భయం లేదు. "నుమాయిష్‌ల నీ ఫోటో పెడితే మా కులపోళ్ళు వచ్చి చూస్తరు. ఓదెలు పెండ్లాం కుండ అంటరు. కుండ నాదే. నా కుండ మీద నీ పేరెట్ల?"

అప్పటిదాకా గుడిసె కోసం చేశాడనుకుని ఆమె ఎంతో కొంత ఓర్చుకుంది. ఇక ఓర్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఏడుపు వస్తుందని చూసింది. రాలేదు.

ఆదివారం జ్ఞానరాజు కుటుంబం చర్చికి వెళ్ళివచ్చింది. సోమవారం పొద్దున తెల్లపూత వేసిన పన్నెండు జాడీలు కొట్టంలో వరసగా సిద్ధంగా ఉన్నాయి. రంగుగిన్నె, కుంచె, పీట కూడా గుమ్మంలో పెట్టి ఉన్నాయి. వజ్రమ్మ వాటి పక్కనుంచి నడిచి వెళ్ళి, చీర మోకాళ్ళ పైకి దోపి, మట్టిగుంటలోకి దిగి తొక్కడం మొదలుపెట్టింది.

ముందు లీలాకుమారి వచ్చింది. గుంట గట్టు మీద నిలబడి వేళ్ళు నలుపుకుంది.

"వజ్రమ్మా, నాకు రాదు. నీకు తెలుసు కదా."

"నాకు సుత రాదు బిడ్డా."

తర్వాత జ్ఞానరాజు వచ్చాడు. అతని నవ్వు ఆ రోజు సరిగా అతకలేదు. "అయిందేదో అయింది. రా, వచ్చి కూర్చో. పదిహేను రోజులే ఉన్నాయి."

"నాకు రాదని డాక్టరమ్మ ముంగట చెప్పిన గద సారూ. మీరు సుత విన్నరు. మీరు గాదనలే." వజ్రమ్మ కాళ్ళు ఆగలేదు. "మట్టి తొక్కుడు వస్తది. కట్టెలు మోసుడు వస్తది. అవి చెప్పున్రి, చేస్త."

"వెళ్ళగొడతాను ఇద్దర్నీ!"

"ఎల్లగొట్టున్రి."

ఆమెకు అంత తేలికగా ఆ మాట వస్తుందని జ్ఞానరాజుకు తెలియదు. ఆమెకూ తెలియదు. అతను సారె దగ్గర ఉన్న ఓదెలును కేకేశాడు.

ఓదెలు వచ్చి గుంటలోకి దిగాడు. ఒక్క మాట అనకుండా ఆమె చెంప మీద కొట్టాడు. ఆమె రెండడుగులు తూలి, నిలదొక్కుకుని, తూలిన చోటే తొక్కింది. అతను జబ్బ పట్టుకుని గుంటలోంచి పైకి లాగాడు. మోకాళ్ళదాకా మట్టితో, కొట్టం పొడుగునా అడుగులు పడుతుండగా ఆమెను లాక్కొచ్చి పీట మీద కూలేశాడు. లీలాకుమారి గోడకు ఆనుకుని రెండు చేతులతో నోరు మూసుకుంది.

"పట్టు," అన్నాడు ఓదెలు.

ఆమె వేళ్ళు ముడుచుకోలేదు. కుంచె జారి కింద పడింది. అతను దాన్ని తీసి, ఆమె రెండు వేళ్ళ మధ్య ఇరికించి, పైనుంచి తన పిడికిలి మూశాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో అతను ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. సారె మీద ఎంత పెద్ద కూజానైనా వెంట్రుకవాసి తేడా లేకుండా లేపగల చెయ్యి అది. రంగులో ముంచి పూత మీద పెట్టి లాగింది. ఆమె చెయ్యి ఎటు లాగితే అటు వెళ్ళింది. పూత మీద నల్లటి చార ఒకటి, దాని పక్కన ఇంకొకటి పడ్డాయి.

"కడిగెయ్యండి. ఇంకోటి," అన్నాడు జ్ఞానరాజు.

లీలాకుమారి రెండో జాడీ తెచ్చి పెట్టింది. ఓదెలు నుదుట చెమట పట్టింది. ఈసారి మెల్లగా, ఆవంలో పచ్చికుండ పెట్టినంత జాగ్రత్తగా లాగాడు. చార మధ్యలో రంగు ముద్దకట్టి కిందికి కారింది. అతని పిడికిలి ఆమె వేళ్ళ మీద ఇంకా బిగిసింది.

వజ్రమ్మ జాడీని చూడడం లేదు. అతని ముఖంలోకే చూస్తోంది.

"నీ చెయ్యి వణుకుతున్నదయ్యా," అంది. "జర గట్టిగ పట్టుకో."

లీలాకుమారి మూడో జాడీ తేవడానికి వెళ్ళింది.